వెయ్యి కవర్ల లెక్క

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాదే.
బరంపురంలో అచ్చేయించి తెచ్చాను వెయ్యి కవర్లు,
నీలం మీద పసుపు.
ఓ పక్క ఒడియాలో, ఓ పక్క తెలుగులో
మజ్జిగౌరి లేడీస్ టైలర్స్, పర్లాకిమిడి.
కింద నా పేరు, బెండి హైమావతి.
అంతకుముందు నా పేరు
రేషన్ కార్డులో తప్ప ఎక్కడా అచ్చు పడలేదు.
అక్కడా తప్పే పడింది.

జాకెట్టుకో కవరు. చీర ఫాలుకో కవరు.
బొత్తాం ఊడిందని వచ్చిన పిల్లకి కూడా
కుట్టిన గౌను మళ్ళీ మడతపెట్టి
కవర్లో వేసి ఇచ్చాను.
మురిపెం అలాంటిది.

శ్రావణంలో మహేంద్రతనయ పొంగింది,
మా వీధి తూము కక్కింది.
మున్సిపాలిటీ కుర్రాడు దండాసి
గొట్టంలోకి భుజం దాకా చెయ్యి దూర్చి
ఈనలేని ఆవు కడుపులోంచి దూడని లాగినట్టు
లాగాడు, నల్లటి ముద్దని.
కాలితో విప్పాడు.
నీలం మీద పసుపు.
"నానీ, తుమొ నాఁ" అన్నాడు, నీ పేరే అని.
నవ్వలేదు.
నవ్వినా బాగుండును.

వాన వెలిసాక
దారం రీళ్ళకని పాతపట్నం బయల్దేరాను.
అవతలి గట్టున తుమ్మకంప మీద
నా పేరు ఆరేసి ఉంది.
ఒకటి కాదు, కంపంతా.
చెక్ పోస్టులో ఎవరూ ఆపలేదు,
ఎవరూ టికెట్టు అడగలేదు,
నాకు తెలీకుండానే రాష్ట్రం దాటిపోయాను.
ఓ మేక నా ఇంటిపేరు నములుతోంది.

దారం కొనలేదు ఆరోజు.
చేతులు గీరుకుపోతుంటే ముప్పై ఏడు ఏరాను.

బట్టల సోడాలో నానబెట్టి
దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తే
ఎదురింటి కుంతల
"ఇదేం చీరలు?" అని అడిగింది.
నాలుగు పొరలు కలిపి మిషనెక్కించాను.
జారింది. అతుక్కుంది. మూడు సూదులు విరిగాయి.
చివరికి పాత పేపరు కింద పెట్టి కుడితే నడిచింది,
తర్వాత పేపరు చింపేసుకోవడమే.
ఏం కుట్టాలో చేతులకే తెలిసింది.
చిన్నప్పుడు ఊడుపుల్లో అమ్మమ్మ నెత్తిన
తాటాకు గిడుగు ఉండేది,
వంగితే నడుం దాకా కప్పేది.
టేపు పెట్టి ఎవరూ కొలవని ఆ కొలత
నా కళ్ళలో ఉండిపోయింది.

ఇప్పుడు జాకెట్టుని
దాని కత్తిరింపు ముక్కలతోనే కుట్టిన సంచిలో ఇస్తున్నాను.
మాస్టారి భార్య మూతి ముడిచింది,
"పీలికల్లో చుట్టిస్తావేంటి, కవర్లు లేవా?"
"ఉన్నాయండి, వెతుక్కుంటున్నాను" అన్నాను.
ఆవిడ మళ్ళీ రాలేదు.
ఆవిడవి ఏడాదికి పద్దెనిమిది జాకెట్లు.
బాధ లేదని అబద్ధం చెప్పను.

గుమ్మ వైపు నుంచి గురువారం సంతకి
అడ్డాకుల మోపుతో వస్తుంది సొంబారి.
మొదటి గిడుగు ఆమెకే.
ఎంతని అడిగితే రెండు కట్టల ఆకు ఇమ్మన్నాను,
మా ఇంట్లో టిఫిన్లకి.
వేసుకుని అటూ ఇటూ తిరిగింది,
వీపు మీద అక్షరాలు తడిమింది.
"ఏటి రాసుంది?"
చెప్పాను.
తలకిందులుగా కుట్టేశానని కూడా చెప్పాను.
"వంగి ఊడుస్తాను కదా,
అప్పుడు తిన్నగా అవుతాది" అంది.
వానలోనే కొండదారి పట్టింది,
నా పేరు నిక్షేపంగా తడుస్తూ.

కొలతల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకున్నాను.
సొరుగులో మిగిలినవి నూట అరవై, అవి గడప దాటవు.
దొరికినవి రెండొందల పన్నెండు.
నిన్న దండాసి తెచ్చిన రెండూ వాటిలోనే కలిపాను.
దొరకాల్సినవి ఆరొందల ఇరవై ఎనిమిది.

ఈ ఏరు వంశధారలో కలుస్తుందట,
వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో.
నలభై ఆరేళ్ళొచ్చాయి,
నేనింకా సముద్రం చూడలేదు.
నా పేరు చూసింది.